ఎదురు కుర్చీ

ఆగస్టు 18

ఈ రోజు ఓడిపోయాం. ఓడిపోయాం అని రాయకూడదట, "నిర్ణయం వాయిదా పడింది" అని రాయాలట. పిల్లల తరఫున పోట్లాడే మా సంస్థ సెక్రటరీ నీతి అది. ఆయన రిపోర్టు ఆయన ఇష్టం. ఇది నా డైరీ. ఓడిపోయాం.

ఓడించింది అధికారి కాదు, పిల్ల తల్లి. ఆ పిల్లకి క్లాసులో పక్కనే కూర్చుని చెప్పే తోడు టీచరు కావాలని ఎక్కే గుమ్మం దిగే గుమ్మంగా తిరిగి, చివరికి ఇలాంటి సాయాలు మంజూరు చేసే కమిటీ దాకా తీసుకెళ్ళాను. అధికారి అడిగిందల్లా ఒకటే మాట, "పాపకి క్లాసులో చెప్పేది అర్థమవుతుందా అమ్మా?" అని. అర్థం కాదని చెప్పమని ముందే చిలక్కి చెప్పినట్టు చెప్పి ఉన్నాను. ఆవిడ కూతురి జడ సర్ది, నిటారుగా కూర్చుని, "ఎందుకవదు సార్. మొహం చూసిందంటే చాలు, అన్నీ అందుకుంటుంది. మా పిల్ల చాలా తెలివైంది" అంది.

అధికారి నెత్తిన పాలు పోసినట్టయింది. "మరింకేం, తోడు ఎందుకమ్మా" అని నవ్వుతూ ఫైలు మూసేశాడు. పక్కనున్న పెద్ద టీచరమ్మ కూడా నవ్వింది. ఆ స్కూల్లో ఆవిడ నవ్వగా చూడటం నాకు అదే మొదలు.

బయటికి వచ్చాక తల్లి, "బాగా చెప్పానా మేడమ్" అని అడిగింది. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. బాగానే చెప్పారన్నాను.

ఆగస్టు 20

కోపం తగ్గింది. ఆ పిల్ల గురించి కాస్త తీరిగ్గా రాసుకుంటాను.

తొమ్మిదేళ్ళది. చెవులు దాదాపు వినపడవు. చెవికి మిషను ఉంది గాని అది వినిపించేదానికన్నా కూత పెట్టేదే ఎక్కువ. మాట వస్తుంది, ముద్దముద్దగా వస్తుంది, తల్లికి తప్ప ఎవరికీ తెలియదు. కానీ ఎదుటి మనిషి పెదాల కదలిక చూసి మాటలు పట్టేస్తుంది. అందుకే ఇంట్లో దాన్ని దొంగ అని పిలుస్తారు. "ఎవరి మూతి మీద మాటైనా ఎత్తుకొచ్చేస్తుంది మేడమ్. ఎదురింటి మొగుడూ పెళ్ళాల పోట్లాటంతా కిటికీలోంచి చూసి నాకు పూసగుచ్చినట్టు చెప్పింది" అని తల్లి మురిసిపోయింది. నేనూ దాన్ని దొంగ అనే పిలుస్తున్నాను. పిలిస్తే మూతి చూసి నవ్వుతుంది.

తల్లి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. తండ్రి ఉన్నాడు, ఎక్కడో. తల్లీకూతుళ్ళిద్దరిదీ ఒకటే గది. పడుకునే ముందు లైటు వేసుకుని, మొహాలు దగ్గర పెట్టుకుని కబుర్లు చెప్పుకుంటారట. కరెంటు పోతే దొంగ తల్లి పెదాల మీద వేళ్ళు ఆనించి, చీకట్లో కూడా మాటలు పట్టుకుంటుందట.  

తోడు టీచరు దొరక్కపోతే ఏమవుతుందో పెద్ద టీచరమ్మ మొదటే చెప్పేసింది. చలికాలం సెలవుల తర్వాత దొంగని వినపడని పిల్లల హాస్టల్ బడికి పంపించేస్తారు. రైల్లో ఒక రాత్రి ప్రయాణం. మంచి బడే కావచ్చు, నేను చూడలేదు. తల్లి నన్ను ఒకటే అడిగింది, "అక్కడ దాని ముద్దమాటలు ఎవరికి తెలుస్తాయి మేడమ్" అని.  అందుకే పోట్లాడుతున్నాను.

ఆగస్టు 26

దొంగ క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుని చూశాను. క్లాస్ టీచరు చిన్నపిల్ల, కొత్తగా చేరినట్టుంది. పాఠం అంతా బోర్డుకి చెబుతుంది. బోర్డుకి బాగా అర్థమవుతూ ఉండాలి. దొంగ ఆవిడ వీపు వైపు కాసేపు చూసి, పక్కపిల్ల పుస్తకంలోకి చూసి, చివర్న "అర్థమైందా" అని అందరూ తల ఊపితే తనూ ఊపింది.

బెల్లు కొట్టాక టీచరుని పట్టుకున్నాను. పిల్ల ముందు బెంచీలో కూర్చోవాలి. మాట్లాడేటప్పుడు మీ మొహం పిల్ల వైపు ఉండాలి. వెలుతురు మీ మొహం మీద పడాలి, వెనక నుంచి కాదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టకూడదు. అరవక్కర్లేదు, విడివిడిగా, తాపీగా చెప్పాలి.

"బోర్డు మీద రాయాలి కదా మేడమ్. ఇంతమంది ఉన్నారు, మొహం ఎటని తిప్పుకోను" అంది.

"మొహం తిప్పుకోవడమే వచ్చు మీకందరికీ" అన్నాను. కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కొంచెం ఎక్కువైందేమో. కానీ మెత్తగా చెబితే ఎవరు వింటారు.

ఆగస్టు 27

నేను కూడా అద్దం ముందు నిలబడి సాధన చేస్తున్నాను, దొంగతో మాట్లాడటానికి. పెదాలు కనపడేలా, మాట మాటా విడిగా. ఇప్పుడు నేను మాట్లాడితే దానికి తల్లి అవసరం కూడా లేదు, ఇట్టే అందుకుంటుంది. మా ఆయన తన కళ్ళజోళ్ళ షాపు నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి చూశారు. "ఇంక నువ్వు నన్ను తిట్టేది వీధి చివర వాళ్ళకి కూడా కిటికీలోంచి అర్థమైపోతుంది" అన్నారు. నవ్వొచ్చింది.

సెప్టెంబర్ 3

మా పనిలో ఒక పద్ధతి ఉంది. ఎక్కడా రాసి ఉండదు, అందరం పాటిస్తాం. కమిటీ ముందు పిల్ల చెడ్డరోజు గురించే చెప్పాలి, మంచిరోజు ఊసెత్తకూడదు. ఏడ్చి నేల మీద దొర్లిన రోజు, సొంత పేరు రాయడం మరిచిపోయిన రోజు, ఆ రోజే రోజూ అన్నట్టు చెప్పాలి. జాలి పుట్టాలి. జాలి పుట్టకపోతే భయమైనా పుట్టాలి. చదువుకోగల పిల్ల కాబట్టి సాయం చెయ్యండి అంటే, చదువుకోగలదు కదా, ఇంకెందుకు అంటారు. ఈ పద్ధతి నేను పెట్టింది కాదు. దీనితోనే ఎంతోమంది పిల్లలకి సాధించాను. మళ్ళీ ఒకసారి కమిటీ ముందుకి వెళ్ళే అవకాశం ఇచ్చారు, ఇదే ఆఖరు అన్నారు.

అందుకని సాయంత్రం లాండ్రీ గదికి వెళ్ళి తల్లికి నేర్పించాను.

"చెప్పండమ్మా. మా పిల్లకి ఏమీ అర్థం కాదు."

"మా పిల్లకి, కొంచెం..."

"కొంచెం కాదు. ఏమీ."

ఆవిడ ఇస్త్రీ ఆపేసింది. "మేడమ్, అది చూస్తోంది."

దొంగ మడతపెట్టిన దుప్పట్ల మధ్య కూర్చుని ఒకసారి వాళ్ళమ్మ మూతి, ఒకసారి నా మూతి చూస్తోంది. బంతాట చూస్తున్నట్టు.

"పోనీ అటు తిరిగి చెప్పండి" అన్నాను.

గోడ వైపు తిరిగింది.  గోడకి కూడా చెప్పలేకపోయింది. "నోరు తిరగట్లేదు మేడమ్" అంది. ఈవిడతో అయ్యే పని కాదు. ఈసారి కమిటీ ముందు నేనే మాట్లాడాలి.

సెప్టెంబర్ 11

గెలిచాం!

ఏం జరిగిందో మొత్తం రాసి పెట్టుకోవాలి. ఇంత బాగా నేనెప్పుడూ మాట్లాడలేదు.

తల్లిని బయట బెంచీ మీద కూర్చోబెట్టాను. లోపలికి వస్తే మళ్ళీ "తెలివైంది" అంటుంది. పిల్ల మాత్రం లోపల ఉండి తీరాలి, కమిటీ చూడాలి కదా. చూస్తే ఏముంది, దొంగని ఎక్కడో మూల, బీరువా పక్కన కూర్చోబెట్టారు. నేను ఒంటికాలి మీద లేచాను. "ఈ పిల్లకి మాట్లాడేవాళ్ళ మొహం కనపడాలి, మొహం మీద వెలుతురు పడాలి. మీరే ఇలా చేస్తే టీచర్లకి ఏం చెబుతారు" అని కడిగేశాను. కుర్చీ నేనే మోసుకొచ్చి, సరిగ్గా నాకు ఎదురుగా వేశాను. కిటికీ వెలుతురంతా నా మొహం మీదికి. పెద్ద టీచరమ్మ మొహం మాడిపోయింది. ప్రాణానికి హాయిగా అనిపించింది.

ఆ గదిలో మొహం మొహంలా ఉన్నది నాదొక్కటే. అధికారి మాటలు మీసాల్లోనే ఉండిపోతాయి. పెద్ద టీచరమ్మకి జలుబు, ముక్కుకీ నోటికీ రుమాలు అడ్డం. కమిటీలో మూడో ఆయన కాగితాల్లోంచి తలెత్తితే కదా. నేను మాత్రం వాళ్ళందరికీ ఒక్క మాట తప్పిపోకుండా, విడివిడిగా, నొక్కి నొక్కి చెప్పాను.

"ఈ పిల్ల వయసు తొమ్మిది. బుర్ర మాత్రం నాలుగేళ్ళ దగ్గరే ఆగిపోయింది. తలాడిస్తుంది, ఒక్క ముక్క ఎక్కదు. ఈ పిల్లకి పాఠం చెప్పడమూ గోడకి చెప్పడమూ ఒకటే. ఇలాగే వదిలేస్తే రేపు ఎందుకూ పనికిరాదు. వాళ్ళమ్మకి జన్మంతా బరువైపోతుంది."

 అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. దొంగ కూడా కళ్ళార్పకుండా నన్నే చూస్తూ కూర్చుంది. నేను మొదలుపెట్టినప్పుడు నవ్వింది, తర్వాత బుద్ధిగా, కదలకుండా కూర్చుంది. ఎంత కదలకుండా అంటే, "పాపం, ఈ అమ్మాయికి ఏమీ తెలియడం లేదు" అని అధికారే అన్నాడు. అది కూడా మనకి కలిసొచ్చింది.

తోడు టీచరుని మంజూరు చేశారు.

బయటికి వచ్చి చెప్పగానే తల్లి నా రెండు చేతులూ పట్టుకుంది. "ఏం చెప్పారు మేడమ్ వాళ్ళకి" అని అడిగింది. చెప్పాల్సింది చెప్పానన్నాను. దొంగ వాళ్ళమ్మ పొట్టలో మొహం దాచుకుని ఇంక తియ్యలేదు. అలసిపోయినట్టుంది.

సెప్టెంబర్ 12

సెక్రటరీ అందరి ముందూ పొగిడి ములగచెట్టు ఎక్కించాడు. నా మాటలు కొత్తగా చేరినవాళ్ళకి నేర్పించాలట.

సెప్టెంబర్ 29

తోడు టీచరు ఈ రోజు చేరింది. ఓపికైన మనిషి, నెమ్మదిగా మాట్లాడుతుంది. దొంగ ఆవిడ మొహం చూడలేదు. కొత్త కదా.

నేను చెయ్యి ఊపితే నా వైపూ చూడలేదు. దానికి నేను కొత్త కాదు. స్కూలు హడావుడిలో గమనించి ఉండదు.

అక్టోబర్ 8

తోడు టీచరు ఫోను చేసింది. "పాప బల్ల వైపే చూస్తుందండి. గడ్డం పట్టుకుని మొహం ఇటు తిప్పితే కళ్ళు మూసుకుంటుంది. మొహం చూస్తేనే కదా నేను చెప్పగలిగేది" అంది.

సర్దుకుంటుందని చెప్పాను. పిల్లలు సర్దుకుంటారు.

అక్టోబర్ 15

తల్లి ఆఫీసుకి వచ్చింది. లాండ్రీ మానుకుని వచ్చింది, అంటే చిన్న సంగతి కాదు. కుర్చీ అంచు మీద కూర్చుంది.

"మేడమ్, అది నా మొహం కూడా చూడట్లేదు. పొద్దుపోయాక తనే లేచి లైటు తీసేస్తోంది. చీకట్లో నా నోటి మీద వేళ్ళు కూడా పెట్టట్లేదు. గోడ వైపు తిరిగి పడుకుంటోంది."

ఒంట్లో బాగా లేదేమో అన్నాను. డాక్టరుకి చూపించిందట, ఒళ్ళు బాగానే ఉంది.

"నిన్న గట్టిగా పట్టుకుని అడిగితే ఒక మాట అంది మేడమ్. 'నేను గోడని' అంది. నాకు అర్థం కాలేదు. ఇంకా అడిగితే, తన బుర్ర నాలుగేళ్ళ దగ్గర ఆగిపోయిందట. నాకు బరువట. ఇలాంటి మాటలు దానికి ఎక్కడివి మేడమ్. మా ఇంట్లో ఎవరూ అనరు. స్కూల్లో ఎవరో దాని మొహం మీదే అన్నారు. చెవులు లేవు కదా, ఏమన్నా తెలియదు అనుకుని ఉంటారు."

నేను మంచినీళ్ళు తాగాను.

"ఎవరన్నారో మీరే తేల్చాలి మేడమ్. మేం అడిగితే ఎవరు చెబుతారు. మీరు అడిగితే భయపడతారు" అంది.

తేలుస్తానన్నాను.

అక్టోబర్ 16

క్లాస్ టీచరే అయి ఉంటుంది. ఇంకెవరికి అవసరం. మొదటి నుంచీ ఆవిడకి ఆ పిల్ల అంటే విసుగు, నేను కళ్ళారా చూశాను. బోర్డు వైపు తిరిగి చెప్పే మనిషి ఏమైనా అనగలదు. ఇలాంటి మాటలు టీచర్లందరూ అంటారు, మామూలే. గోడ అనే మాట ఎవరి నోటికైనా వస్తుంది.

క్లాస్ టీచరే.

అక్టోబర్ 17

పెద్ద టీచరమ్మని కలిసి గట్టిగా చెప్పాను. పిల్లని ఎవరో నోటికొచ్చినట్టు అన్నారు, క్లాస్ టీచరు మీద నాకు అనుమానం ఉంది అన్నాను. అనుమానం అనే అన్నాను, ఆవిడేనని అనలేదు. పెద్ద టీచరమ్మకి నెపం వెయ్యడానికి ఎవరో ఒకరు దొరికితే చాలు, చేతులు దులుపుకుంది. క్లాస్ టీచరుని ఆ క్లాసు నుంచి తీసేసి ఆఫీసు పని అప్పగించారు, విచారణ అయ్యేదాకా.

తల్లికి ఫోను చేసి చెప్పాను. "మీ రుణం తీర్చుకోలేను మేడమ్" అంది. నిద్ర పట్టేలా లేదు. మధ్యాహ్నం కాఫీ ఎక్కువైంది.

అక్టోబర్ 22

క్లాస్ టీచరు మా ఆఫీసుకి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నేను ఆ అమ్మాయిని గోడ అన్నానని చెప్పారట."

"అనుమానం అన్నాను."

"మీరు తిట్టినప్పుడు ఏడ్చాను మేడమ్, నిజమే. కానీ ఆ మర్నాటి నుంచి బోర్డు మీద రాయాల్సింది బెల్లుకి ముందే రాసిపెట్టుకున్నాను. పాఠం అంతా దాని వైపు తిరిగే చెప్పాను. కిటికీ పక్కన నిలబడి. మీరు చెప్పినవన్నీ చేశాను. అది జవాబులు చెప్పడం కూడా మొదలుపెట్టింది. దాని మాట నాకు కొంచెం కొంచెం తెలిసేది. అందరూ చప్పట్లు కొడితే సిగ్గుపడేది."

నాకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. నేనూ వెళ్ళి చూడలేదు. ఇంక చూసేదేముంది, చూడాల్సిందంతా ఒక్క రోజులోనే చూసేశానుగా.

"ఆ కమిటీ అయిన మర్నాడు వచ్చి బల్ల మీద తల పెట్టుకుంది. మళ్ళీ ఎత్తలేదు. ఆ రోజు కమిటీ గదిలో నేను లేను మేడమ్. మీరున్నారు. ఎవరన్నారో మీకే తెలియాలి."

కనుక్కుంటానన్నాను. ఆవిడ నా మొహం వైపు చూసి, ఇంకేమీ అడక్కుండా వెళ్ళిపోయింది.

అక్టోబర్ 23

కుర్చీ నేనే వేశాను.

అక్టోబర్ 24

కుర్చీ నేనే వేశాను, వెలుతురు నా మొహం మీద పడేలా చూసుకున్నాను, అద్దం ముందు నేర్చుకున్నట్టే ఒక్కో మాటా విడదీసి చెప్పాను. ఆ గదిలో ఎవరేమన్నా దానికి అందదు, నేనన్నది తప్ప. మొదట నవ్వింది. తనతోనే మాట్లాడుతున్నాననుకుంది. ఎప్పుడూ దానికి ఎదురుగా కూర్చుని దానితోనే మాట్లాడేదాన్ని కదా.

వాళ్ళమ్మ గోడ వైపు తిరిగి కూడా అనలేకపోయిన మాటలు. నేను మొహం మీదే అన్నాను. అని, ఇంటికొచ్చి, ఎంత బాగా అన్నానో మర్చిపోతానేమోనని రాసి పెట్టుకున్నాను. వెనక్కి తిప్పి చదివాను. 

పెద్ద టీచరమ్మ దగ్గరికి వెళ్ళిన రోజు నాకు తెలియదు. తెలిసి ఉంటే క్లాస్ టీచరు మీద చెప్పేదాన్నా. తెలియదు. తల్లి ఆ మాటలు చెప్పినప్పుడు మంచినీళ్ళు ఎందుకు తాగానో మరి.

ఇప్పటిదాకా ఎంతమంది పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని కమిటీలకి ఇవే మాటలు చెప్పాను. వాళ్ళకి చెవులు కూడా ఉన్నాయి.

"ఏమైంది, మొహం అలా ఉంది" అని ఆయన అడిగారు. ఏమీ లేదన్నాను. "నోరు తెరిచి చెప్పు, మూతి చూసి పోల్చుకుంటా" అని నవ్వించబోయారు. లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

తల్లికి చెప్పాలి. క్లాస్ టీచరు తప్పేమీ లేదని పెద్ద టీచరమ్మకి కూడా చెప్పాలి. సోమవారం చెబుతాను.

అక్టోబర్ 27

సోమవారం. సెక్రటరీతో మీటింగు పడింది. వీలు కాలేదు.

అక్టోబర్ 30

తోడు టీచరు వల్ల ప్రయోజనం కనపడటం లేదు కాబట్టి పిల్ల విషయం మళ్ళీ కమిటీలో పెడుతున్నారట. నాకు మంచిదే. ఈసారి దాని మంచిరోజు గురించి చెబుతాను. పద్ధతి గిద్ధతి గంగలో కలవనీ.

నవంబర్ 6

తల్లి ఈసారి తనంతట తనే బయట కూర్చుంది. "నేను లోపలికి వస్తే మళ్ళీ పాడుచేస్తాను మేడమ్. మీరైతే సరిగ్గా చెబుతారు" అంది.

కుర్చీ దగ్గరికి వెళ్ళాను. ఎటు వెయ్యాలో తోచలేదు. వాళ్ళెక్కడ వేశారో అక్కడే ఉంచేశాను. దొంగ ఒళ్ళో చేతులు పెట్టుకుని నేల వైపు చూస్తూ కూర్చుంది.

చాలా తెలివైన పిల్ల అని చెప్పాను. పెదాలు చూసి మాటలు పట్టేస్తుందనీ, చీకట్లో వేళ్ళతో కూడా పట్టుకుంటుందనీ, దాని వైపు మొహం తిప్పి పాఠం చెబితే జవాబులు చెప్పిందనీ, చప్పట్లు కొట్టించుకుందనీ చెప్పాను.  నేను ఇంత నిజం ఆ గదిలో ఎప్పుడూ చెప్పలేదు.

అధికారి మీసాల్లో నవ్వుకున్నాడు. "మేడమ్, పోయినసారి మీరే కదా, గోడకి చెప్పినట్టే అన్నారు. మర్చిపోలేదు నేను, ఆ రోజు మనసంతా అదోలా అయిపోయింది. తోడు టీచరుని ఇచ్చి చూశాం. మీరు చెప్పింది అక్షరాలా నిజమని తేలింది. ఇప్పుడేమో తెలివైందంటున్నారు. ఇంతకీ అప్పుడు చెప్పింది నిజమా, ఇప్పుడు చెప్పేది నిజమా?"

అప్పుడు చెప్పింది అబద్ధం అనాలి. అంటే, ఎందుకలా అయిందో కూడా చెప్పాలి. నా మాట మీద నడుస్తున్న మిగతా పిల్లల ఫైళ్ళు ఆయన బల్ల మీదే ఉన్నాయి. వాటన్నిటినీ మళ్ళీ తెరుస్తారు. వాళ్ళ సంగతి కూడా చూడాలి కదా. వాళ్ళ కోసమే నీళ్ళు నమిలాను.

"పాపనే అడుగుదాం పోనీ" అని అధికారి వంగి, "అమ్మాయ్, నీ పేరేంటి" అన్నాడు. దొంగ కళ్ళు మూసుకుంది.

హాస్టల్ బడి. సెలవులు అయ్యేదాకా కూడా ఆగక్కర్లేదు, సీటు ఖాళీగా ఉందట, ఈ నెలలోనే.

తల్లి ఏడవలేదు. "మీరు కూడా చెప్పాక అవలేదంటే ఇంకెవరు చెప్పినా అవదు" అంది. నాకు ఓదార్పు చెబుతోంది.

నవంబర్ 10

క్లాస్ టీచరు ఉద్యోగం మానేసిందట. పెద్ద టీచరమ్మ చెప్పింది. మనిషి సున్నితం అంది. ఆవిడ సంగతి చెబుదామనే వెళ్ళాను. మానేశాక ఇంక చెప్పి ఏం లాభం.

నవంబర్ 16

రేపు ప్రయాణం. సాయంత్రం వాళ్ళ గదికి వెళ్ళాను. ఈ రోజు చెప్పెయ్యాలని నిశ్చయించుకునే వెళ్ళాను. మెట్లెక్కుతూ మాటలు కూడా కూర్చుకున్నాను. మీ పిల్లని ఆ మాటలన్నది నేనేనమ్మా, క్లాస్ టీచరు కాదు.

తల్లి హాస్టలుకి పట్టుకెళ్ళే గౌన్లు ఇస్త్రీ చేస్తోంది. అంచులు, కుట్లు, చేతులు, ఒక్కొక్కటీ. ఇంత మడత నలగకుండా చేస్తే అక్కడ ఎవరు చూస్తారు. పెట్టె మూత తెరిచి ఉంది. దొంగ మంచం మీద గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది.

"వచ్చారా మేడమ్. నేనే కబురు చేద్దామనుకున్నాను. రేపు వెళ్తున్నట్టు దానికి ఇంకా తెలియదు. నేను చెబుదామంటే ఇటు తిరగట్లేదు. మీరు చెప్పండి. మీ మాటయితే దానికి బాగా అందుతుంది, మొదటి నుంచీ అంతే."

మంచం మీద దొంగ పక్కనే కూర్చున్నాను. భుజం మీద చెయ్యి వేశాను.  తర్వాత ఏమనుకుందో, తనంతట తనే ఇటు తిరిగింది. కళ్ళెత్తి నా మొహం చూసింది. ఆ రోజు తర్వాత ఇదే చూడటం. లైటు నా మొహం మీద పడేలా జరిగాను. అలవాటైపోయింది.

"ఆ రోజు" అన్నాను, విడివిడిగా. "నేను..."

చెయ్యి చాపి నా నోరు మూసింది. వేళ్ళు ఆనించడం కాదు. అరచెయ్యి మొత్తం, గట్టిగా, పెదాలు పళ్ళకి ఒత్తుకునేలా. కళ్ళు మాత్రం మూసుకోలేదు. అలా చూస్తూనే ఉంది.

తల్లి ఇస్త్రీ పెట్టె నిలబెట్టి చూసింది. ఎన్నాళ్ళకో నవ్వింది. "చూశారా, చీకట్లో నాతో ఆడేదే మీతో ఆడుతోంది. నా మొహమే చూడట్లేదు, మీ దగ్గరికి మాత్రం వచ్చింది. మీరంటే దానికి ఎంత ప్రాణమో" అంది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ గౌను మీదికి వంగింది.

చెప్పాలనే వెళ్ళాను. నోటి మీద చెయ్యి ఉంది కదా, ఎలా చెప్పను.